లక్ష్మణమ్మత్త గొడుగుకొంగ

మా లక్ష్మణమ్మత్తకి పింగాణీ బొమ్మల పిచ్చి. అలాగని ఏ బొమ్మ పడితే ఆ బొమ్మ కాదు. మనుషులెవరూ లేకుండా గీసిన బొమ్మలే ఆడి పాడి ఏడ్చి నవ్వించే సినిమాలుంటాయి చూడండి, ఆ పాత బొమ్మల సినిమాల్లో వేషం వేసిన జంతువో, రాకుమార్తో, మంత్రగత్తో పింగాణీలో దొరికితేనే మా అత్త ఇంట్లోకి ప్రవేశం. మిగతావాటిని గుమ్మంలోనే ఆపి ఒకే ఒక్క ప్రశ్న అడిగేది.

"ఇది ఏ సినిమాలో ఏసినాది?"

నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదివే రోజుల్లో ఎగ్జిబిషన్‌కి వెళ్ళి, బస్సు ఛార్జీలు మిగుల్చుకుని మరీ ఒక పింగాణీ నాట్యకత్తెను కొని తెచ్చాను. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మొహం బాగున్నాది. ఏ సినిమాలో ఏసినాది?"

"ఏ సినిమాలోనూ వెయ్యలేదత్తా. ఉత్త బొమ్మ."

"ఉత్త బొమ్మైతే నాకెందుకే? ఇంట్లో మీ మావున్నాడు గదా!"

మావ అంటే నూకయ్య మావ. ఆ మాట విని కూడా అరుగు మీద వల బాగుచేసుకుంటూ పలకలేదు, ఉలకలేదు. నిజంగానే బొమ్మలా కూర్చున్నాడు.

మా అత్తది చేపల బేరం. భావనపాడు తీరానికి పడవలొచ్చే వేళకి ఇసకలో నిలబడి వేలంపాట పాడి, తట్ట నింపుకుని, ఆటోలో టెక్కలి, అక్కణ్ణించి బస్సులో నరసన్నపేట. "సాపలోయ్!" అని ఆవిడ వీధి మొదట్లో కేకేస్తే వీధి చివరి ఇంట్లో ఉయ్యాల్లో పిల్లలు లేచిపోయేవారు. అలాంటి గొంతు, ఇంటికొచ్చి బొమ్మల బీరువా ముందు నిలబడితే గుసగుసలోకి దిగిపోయేది. ఎందుకత్తా అంటే, "షూటింగులు సేసి సేసి అలిసిపోనారే. పడుకోనీ," అనేది. వాటిని ఆవిడ ఎప్పుడూ బొమ్మలు అనలేదు. "మా ఆర్టిస్టులు" అనేది.

ఈ పిచ్చి పుట్టిందెప్పుడంటే, రెండువేల పదకొండులో వాళ్ళింటికి డిష్ పెట్టించాక. వీధిలో పిల్లలంతా వచ్చి బొమ్మల సినిమాలు పెట్టుకుంటుంటే, "ఎల్లండెహె!" అని తిట్టడానికి లోపలికెళ్ళిన అత్త, సినిమా అయ్యేదాకా బయటికి రాలేదు. పొయ్యి మీద పులుసు మాడింది. మావ పచ్చడి వేసుకుని తిన్నాడు.

"అందులో ఏటుందే అంత?" అని మావ అడిగితే అత్త చెప్పిన జవాబు నాకిప్పటికీ గుర్తు.

"మన సినిమాల్లో ఈరో కొండ మీంచి పడితే జుట్టు కూడా సెదరదు. అది అబద్దం. ఇందులో నక్క కొండ మీంచి పడితే అప్పడంలాగ అయిపోతాది. అది నిజం. మళ్ళీ లెగిసి, దులుపుకుని, ఎల్లిపోతాది. అది ఇంకా నిజం. మనమేటి సేత్తన్నాం మరి?"

మావ ఆలోచించి, "పచ్చడి తింతన్నాం," అన్నాడు.

మొదటి ఆర్టిస్టు నరసన్నపేటలో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో దొరికింది. చేపలు తూచి ఇస్తూ అద్దాల బీరువాలోకి చూస్తే, వంటింటి గుడ్డ నడుముకి కట్టుకున్న పింగాణీ కోడిపెట్ట. అత్త త్రాసు వదిలేసింది.

"అమ్మా, ఆ పెట్ట ఎక్కడిది?"

"మా మరిది దుబాయి నుంచి తెచ్చాడు. దాని దుమ్ము దులపలేక చస్తున్నాను."

"ఓలమ్మ! దుమ్ము పట్టించీసినారా? ఆ పెట్ట ఎంత పెద్ద ఆర్టిస్టో తెల్సేటి మీకు?"

అని మొదలుపెట్టి, గుమ్మంలోనే నిలబడి, కోడిపెట్ట గొంతుతో కోడిపెట్టలా, నక్క గొంతుతో నక్కలా సినిమా అంతా ఆడి చూపించింది. తట్టలో ఐసు కరిగి మెట్ల మీంచి కారిపోయింది. ఆఖరికి ఒక పెద్ద కోనాం చేప ఆ ఇంట్లోకీ, కోడిపెట్ట అత్త ఒళ్ళోకీ మారాయి. ఆ సంగతి తెలిసి వీధిలో అందరూ అటకలు వెతకడం మొదలుపెట్టారు. టై కట్టిన పంది, కళ్ళజోడు పెట్టిన తాబేలు, చీపురెక్కిన మంత్రగత్తె, ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. ఒకావిడ పాత టీ కప్పు తెచ్చి, "ఇది కూడా సినిమాలో వేసింది లక్ష్మణమ్మా," అని నమ్మించబోయింది. అత్త కప్పుని ఎగాదిగా చూసి, "ఏసుంటాదిలే, ఎనకాల గుంపులో ఎక్కడో," అని తిరిగిచ్చేసింది.

టై కట్టిన పందిని తెచ్చిన రోజు నేను కూడా బస్సులో ఉన్నాను. దాన్ని పాత చీరలో చుట్టి, గుండెకి హత్తుకుని, బస్సు గోతిలో పడ్డప్పుడల్లా "ఓలోలో" అని జోకొడుతోంది. ఎవరో పెద్దమనిషి లేచి సీటిచ్చాడు. కండక్టరు వచ్చాడు.

"పాపకి ఎన్నేళ్ళమ్మా?"

"పాప కాదు బాబూ. పంది."

కండక్టరు ఒకడుగు వెనక్కి వేశాడు. అత్త చీర కొంచెం తొలగించి చూపించింది. "సినిమాలో ఏసినాది. ఆ సినిమా వచ్చి డెబ్బయ్యేళ్ళయినాదట."

"అయితే సీనియర్ సిటిజన్ టికెట్ కొట్టమంటావా?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. సీటిచ్చిన పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. టెక్కలి దాకా నిలబడే వచ్చాడు పాపం.

ఇంట్లో నూకయ్య మావ బతుకు చెప్పనక్కర్లేదు. నడిసముద్రంలో ఎంత కెరటమొచ్చినా చెక్కు చెదరని మనిషి, సొంతింట్లో మోచేతులు పక్కటెముకలకి అతికించుకుని, దొంగలా నడిచేవాడు. ఒకసారి భుజమ్మీది తువ్వాలు దులిపితే కొస తగిలి తాబేలు కళ్ళజోడులో ఒక కాడ విరిగింది. ఆ రోజు నుంచీ తువ్వాలుకి ఇంట్లోకి ప్రవేశం లేదు. గుమ్మం బయట మేకుకి వేలాడేది.

"సంద్రంలో అయితే తుఫానొస్తాదని రేడియోలో ముందే సెప్తారు," అని మావ నాతో వాపోయేవాడు. "ఇక్కడ ఏ మూల ఏ ఆర్టిస్టు నిల్సున్నాడో ఎవుడూ సెప్పడు అరుణా."

ఇలా నవ్వుకుంటూ ఉండగా ఆ బీరువాలోకి కొంగ వచ్చింది.

నాకు నరసన్నపేటలో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం దొరికి, అక్కడే గది తీసుకున్న ఏడాది అది. మా పక్క వీధిలో పద్మకుమారి టీచరుగారని ఒకావిడ ఒంటరిగా ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఒకప్పుడు ఇంటి ముందుగదిలో చిన్నపిల్లల కాన్వెంటు నడిపారు. ఓడల్లో పనిచేసే వాళ్ళన్నయ్య దేశదేశాల నుంచి బొమ్మల సినిమాల పింగాణీ బొమ్మలు తెచ్చిస్తే, వాటితోనే పిల్లలకి కథలూ, అక్షరాలూ నేర్పేవారట. తర్వాత ఊళ్ళోకి పసుపు రంగు వ్యాన్ల బడులు వచ్చాయి. కాన్వెంటు మూతపడింది. అన్నయ్య పోయారు. బొమ్మలు కూడా ఒక్కొక్కటే ఎటో వెళ్ళిపోయి, చివరికి ఒక్కటే మిగిలింది. కాళ్ళకి బూట్లు తొడుక్కుని, తల మీద గొడుగు పట్టుకుని, ఒంటికాలి మీద నాట్యం చేస్తున్న కొంగ. మెడా సన్నమే, కాలూ సన్నమే. చూస్తేనే భయమేసేది.

ఒక ఆదివారం అత్త నన్ను తోడు తీసుకుని ఆవిడింటికి వెళ్ళింది. రెండు పెద్ద చందువ చేపలు ఇచ్చి, పావుగంట బేరమాడి, కొంగని పుచ్చుకుంది. ఆవిడకి చందువలు, అత్తకి కొంగ. బాగానే ఉంది.

తర్వాతి ఆదివారం అత్త కొంగని మళ్ళీ చంకనెత్తుకుని దిగింది.

"టీచరమ్మా, దీనికి మా ఉప్పుగాలి పళ్ళేదు. మెడ సూడండి ఎలాగ వాలిపోనాదో. కొన్నాళ్ళు మీ దగ్గరే ఉండనీండి."

"సరే, ఉంచు," అన్నారు టీచరుగారు.

"మరి దీని తిండికి ఈ కోనాం ముక్కలుంచండి. కొంగ గదా, సాపలే తింటాది."

టీచరుగారు ఒక్క క్షణం అత్త మొహంలోకి చూసి, గంభీరంగా తలూపి, లోపల్నుంచి గిన్నె తెచ్చారు.

ఆ తర్వాతి ఆదివారం, "కొంగ మీద బెంగెట్టుకున్నాను, తీసుకెల్లిపోతాను," అని మళ్ళీ బేరమాడి, మళ్ళీ చేపలిచ్చి తీసుకెళ్ళింది. పై వారం, మా బీరువాలో తాబేలుతో దీనికి పడ్డం లేదని తెచ్చింది. తిండికి రొయ్యలు. ఇంకో వారం, గొడుగు లేకపోతే మా మంత్రగత్తె వానలో తడిసిపోతాదని తీసుకెళ్ళింది. బదులుగా నెత్తళ్ళు. కొంగ అటున్నా ఇటున్నా చేపలు మాత్రం టీచరుగారింట్లోనే దిగుతున్నాయి.

రక్తపరీక్షలు చేసేదాన్ని, నాకా మాత్రం తేడా కనబడదా? అడిగాను.

"అత్తా, ఒకే కొంగని ఎన్నిసార్లు కొంటావు?"

"నీకు ఆర్టిస్టుల సంగతి తెలీదు. నోర్ముయ్."

మావనడిగితే ఆయన ఆకాశం వంక చూసి, "అందరి కొంగలూ ఎగిరెల్లి తింటాయి. మన కొంగ బస్సెక్కి ఎల్లి తింతన్నాది," అన్నాడు.

ఇలా ఒక వర్షాకాలం, ఒక చలికాలం గడిచిపోయాయి. ఎండలు ముదురుతున్న ఒక ఆదివారం నేను ఊరి నుంచి అత్తతోపాటే బయల్దేరాను. షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాం. తట్ట ఆటో వెనకాల, కొంగ అత్త ఒళ్ళో. టెక్కలి ఇంకా కొంచెం దూరం ఉందనగా రోడ్డుకి అడ్డంగా గేదె వచ్చింది. ఆటో అతను బ్రేకు వేశాడు. మేమందరం ఒకరి మీద ఒకరు పడ్డాం. చీరమూట అత్త చేతుల్లోంచి జారి, ఇనప కడ్డీకి తగిలి, ఠంగుమంది.

విప్పి చూస్తే, మెడ ఒకచోట, కాలు ఒకచోట, గొడుగు మూడు ముక్కలు.

అత్త గేదెని తిడుతుందనుకున్నాను. ఆటో అతన్ని తిడుతుందనుకున్నాను. అతనూ అదే అనుకుని ముందే దిగి దూరంగా నిలబడ్డాడు. అత్త ఎవర్నీ ఏమీ అనలేదు. ముక్కల్ని ఒళ్ళో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

బస్సెక్కాక ఓదార్చాను. "పోనీలే అత్తా. ఇంట్లో ఇంకా అంతమంది ఆర్టిస్టులున్నారు కదా. ఒక్క కొంగ కోసం..."

"కొంగ కోసమేటే పిచ్చిదానా!" అంది అత్త, గొంతు పూర్తిగా లేవకుండా. "ఇప్పుడు నాను ఏటి సెప్పుకుని ఆ గుమ్మమెక్కుతాను? ఆవిడికి రేపట్నుంచి కూరేటి?"

నాకు అప్పటికి అర్థమైంది. మిగతాది అత్తే చెప్పుకొచ్చింది.

కొంగ బేరానికి ముందు, ఆ వీధిలో చేపలమ్ముతూ అత్త ఒక సంగతి గమనించిందట. టీచరుగారు మొదట్లో శుభ్రంగా చేపలు కొనేవారు. తర్వాత చిన్నవాటికి దిగారు. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా, "ఈ రోజు తినను లక్ష్మణమ్మా," అనేవారు.

"సోమారం శివుడంది. మంగళారం ఆంజనేయులంది. గురువారం బాబా అంది, శనారం వెంకన్నంది. సర్లే అనుకున్నాను. ఆదివారం పిలిస్తే అరసవిల్లి సూర్యనారాయుడంది! ఏడు వారాలూ దేవుళ్ళకిచ్చీసిన మనిషిని ఎక్కడైనా సూసినావేటే నువ్వు?"

ఒకసారి అత్త, ఊరికే తీసుకోండి టీచరమ్మా అని నాలుగు చేపలు గుమ్మంలో పెట్టిందట. టీచరుగారు వాటిని తిరిగి తట్టలో వేసి, "నేను నిన్ను అడిగానా?" అని తలుపేసుకున్నారట. వేసిన తలుపు పక్క కిటికీలోంచి అత్తకి కొంగ కనబడింది.

"ఉత్తినే ఇస్తే తీసుకోదు. మరి కొంగైతే బేరం గదా. బేరం తప్పేటి?"

నరసన్నపేటలో బస్సు దిగి, తట్ట అత్త నెత్తికి ఎత్తాను.

టీచరుగారింటికి వెళ్ళాం. అత్త తట్ట దించలేదు. గుమ్మం బయటే నిలబడి, చీరమూట అలాగే చాపింది. "పగిలిపోనాది టీచరమ్మా," అంది. గొంతులో పిసరంత కూడా నటన లేదు.

టీచరుగారు మూట తీసుకుని బల్ల మీద విప్పారు. కళ్ళజోడు పెట్టుకుని ముక్కలన్నీ ఒక్కొక్కటే వెలుతురులోకి ఎత్తి చూశారు. వాళ్ళన్నయ్య తెచ్చిన బొమ్మల్లో ఆఖరుది. అత్తకి మరో బొమ్మ, మరో అబద్ధం దొరికేలోపు ఈవిడ ఆ తలుపు మళ్ళీ వేసేసుకుంటే?

"దీన్ని అతకొచ్చు," అన్నారు టీచరుగారు.

"అతుకుతాదా!"

"అతుకుతుంది. కానీ తొందరపడితే కుదరదు. కాన్వెంటులో పిల్లలు విరక్కొట్టినవి ఎన్ని అతికించలేదు నేను! ఒక ముక్క పెట్టాలి, వారం ఆరనివ్వాలి. తర్వాత ఇంకో ముక్క. నువ్వు ప్రతివారం వచ్చి చూసుకోవాలి మరి. నీ కొంగ, నీ బాధ్యత. ఎలా కుదిరిందో చూసుకోకుండా తర్వాత నా మీద పడితే ఒప్పుకోను."

"వస్తానమ్మా! తప్పకండా వస్తాను! మరి మీ కష్టానికి..."

"కష్టానికి ఇవ్వకపోతే ఎలా? చేపలిస్తావు. ఊరికే చేస్తాననుకున్నావా?"

"ఓలమ్మ, ఉత్తినే ఎలా సేయించుకుంటాను!" అంది అత్త. ఆ వీధి చివర ఉయ్యాలలన్నీ కదిలి ఉంటాయి. గొంతు అంతలా తిరిగొచ్చింది. తట్ట దించి, చందువలు రెండు తీసుకుని, పెరట్లో కుళాయి దగ్గర శుభ్రం చెయ్యడానికి వెళ్ళిపోయింది.

టీచరుగారు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి నాతో అన్నారు.

"మీ అత్తయ్యకి చెప్పకమ్మా. ఈ ముక్కలన్నీ ఈ రోజే అతికించెయ్యొచ్చు. మంచి గమ్ముంది నా దగ్గర."

నేను నోరు తెరిచాను.

"ఎందుకంత ఆశ్చర్యం? చిన్నపిల్లలతో బతికినదాన్ని. అబద్ధమాడే మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదా? కొంగకి ఉప్పుగాలి పడదట! నవ్వాపుకోలేక గిన్నె కోసమని లోపలికెళ్ళాను ఆ రోజు."

"మరి తెలిసీ..."

"మీ అత్త మోకాళ్ళు చూశావా? ఆ ఎండలో ఆ తట్ట నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరుగుతుంది. కాసేపు కూర్చో లక్ష్మణమ్మా అంటే కూర్చోదు. అన్నం తిను అంటే, బేరం పోతాదమ్మా అంటుంది. అదే కొంగ బేరమనుకో, గంటసేపు కూర్చుంటుంది. కాళ్ళు చాపుతుంది. నేను బొమ్మల సినిమా డిస్కు ఒకటి పెడితే ఆ ఫ్యాను కింద సగం సినిమా చూస్తుంది. చూస్తూ చూస్తూ రెండు ముద్దలు తింటుంది. ఆ పిచ్చిదానికి నేను పెడుతున్నానని కూడా తెలీదు. తనేదో నాకు పెడుతున్నాననుకుంటోంది." టీచరుగారు కొంగ కాలిని జాగ్రత్తగా దూదిలో పెట్టారు. "అనుకోనీ. ఏం పోయింది?"

పెరట్లోంచి అత్త లోపలికొచ్చింది. టీచరుగారు చటుక్కున కళ్ళజోడు సర్దుకుని, చాలా కష్టమైన పని చేస్తున్న డాక్టరులా మొహం పెట్టారు. ఆ రోజు మధ్యాహ్నం నేనూ అక్కడే తిన్నాను. చందువల పులుసు. ఎవరు ఎవరికి పెట్టారో నేను తేల్చుకోలేకపోయాను. పులుసు మాత్రం అద్భుతంగా ఉంది.

కొంగ అతకడం ఇంకా అవలేదు. అప్పుడే ఏడాది దాటింది. కాలు కుదిరిన వారం గొడుగు ఊడుతుంది. గొడుగు నిలిచిన వారం మెడ పక్కకి తిరిగిపోతుంది. మొన్న ఆదివారం నేను కొంచెం ముందుగా వెళ్ళాను. టీచరుగారు కిటికీ దగ్గర నిలబడి, అత్త వస్తోందో లేదో చూసుకుంటూ, గట్టిగా అతుక్కుపోయిన కొంగ కాలిని వేడినీళ్ళలో నానబెట్టి, నెమ్మదిగా ఊడదీస్తున్నారు. నన్ను చూసి ఉలిక్కిపడి, వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

అప్పుడే వీధి మొదట్లో "సాపలోయ్!" అని వినబడింది. కాసేపటికి అత్త గుమ్మంలోకి వచ్చి, బల్ల మీద కొంగని చూసింది. కాలు పక్కన పడి ఉంది.

"అయ్యయ్యో, మళ్ళీ ఊడిపోనాదేటి టీచరమ్మా?" అంది, మొహమంతా వెలిగిపోతుండగా.

"ఏం చెయ్యను లక్ష్మణమ్మా, గమ్ము మంచిది దొరకడం లేదు."

"తొందరేటున్నాదమ్మా," అంటూ అత్త తట్ట దించి, ఫ్యాను కింద కాళ్ళు చాపుకుంది. "నిదానంగా అతకండి. ముందు ఆ సినిమా ఎట్టండి."